కప్ప నోట్లో గోళీ ఎవరిది? పజ్ లూప్ నుంచి జూమా దాకా



ఈ ఎపిసోడ్ ఒక చిన్న ఆట గురించి. తెర మధ్యలో ఒక రాతి కప్ప. దాని చుట్టూ మెలికలు తిరిగిన దారి. ఆ దారి మీద రంగురంగుల గోళీలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తుంటాయి. మనం మౌస్‌తో గురి చూసి కప్ప నోట్లోంచి ఒక గోళీ వదులుతాం. ఒకే రంగువి మూడు కలిస్తే టప్పున పోతాయి. దారి చివర బంగారు పుర్రె నోరు తెరుచుకుని ఉంటుంది. గోళీలు అందులో పడితే ఒక ప్రాణం పోయినట్టే.

పేరు చెప్పకముందే మీలో చాలామందికి తెలిసిపోయుంటుంది. జూమా. 2003లో వచ్చింది. చేసింది పాప్‌క్యాప్ గేమ్స్ అనే అమెరికన్ కంపెనీ, ఊరు సియాటిల్. క్విజ్‌లో అడిగితే ఇంతవరకు చెప్తే చాలు, మార్కులు వేసేస్తారు.

కానీ ఈ ఆట 2003లో పుట్టలేదు. అమెరికాలోనూ పుట్టలేదు. జూమాకి 5 ఏళ్ళ ముందే, 1998లో, టోక్యోలో ఒక చిన్న కంపెనీ ఇదే ఆటని చేసింది. ఆ ఆట పేరు పజ్ లూప్. ఆ కంపెనీ పేరు మిచెల్ కార్పొరేషన్. అది ఇప్పుడు లేదు, 2012లో మూతపడింది. జూమా చేసిన కంపెనీ మాత్రం 2011లో 65 కోట్ల డాలర్ల నగదుకి, ఇంకో 10 కోట్ల డాలర్ల షేర్లకి అమ్ముడుపోయింది.

ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా ఒక ప్రశ్న వస్తుంది. ఇది దొంగతనమా, కాదా? దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేయొచ్చు. కానీ ఆ జవాబు తప్పయ్యే ఛాన్స్ ఎక్కువ. అందుకే మొదటి నుంచి చూద్దాం.

ముందు ఆట లోపల ఏముంది?

నేను ఇంజనీరింగ్ చదివి, కొన్నేళ్ళు కోడ్ రాసి వచ్చినవాణ్ణి కాబట్టి ఏ ఆట చూసినా లోపల ఎలా పని చేస్తుందో విప్పి చూడాలనిపిస్తుంది. ఈ ఆటని నేనే రాయాల్సి వస్తే ఎలా రాస్తానో చెప్తాను వినండి. ఇది తెలిస్తే తర్వాత గొడవ ఎక్కడ వచ్చిందో బాగా అర్థమవుతుంది.

చూడ్డానికి గోళీలు తెర మీద అటూ ఇటూ ఒంపులు తిరుగుతూ వెళ్తున్నట్టు ఉంటుంది. లెక్కలో మాత్రం అది ఒక తాడు. ప్రతి గోళీకీ ఒకటే నంబరు ఉంటే చాలు: దారి మొదలు నుంచి అది ఎంత దూరంలో ఉంది. ఆ దూరాన్ని బట్టి వంకర మీద ఎక్కడ బొమ్మ గీయాలో వేరే ఫంక్షన్ చూసుకుంటుంది. కాబట్టి ఎంత మెలికల దారైనా ప్రోగ్రామ్‌కి అది తిన్నటి గీతే.

మనం వదిలిన గోళీ వరసలో దేనికో తగులుతుంది. దానికి ముందు దూరాలా, వెనక దూరాలా అని చూసి మధ్యలో ఇరికిస్తాం. ముందున్నవాటిని ఒక గోళీ వెడల్పు అంత ముందుకి జరుపుతాం. అంటే గురి తప్పితే పుర్రెకి మనమే ఒక అడుగు దగ్గర చేశామన్నమాట. తప్పు చేస్తే శిక్ష ఆటలోనే ఉంది, ఎవరూ కొత్తగా వెయ్యక్కర్లేదు.

ఇప్పుడు ఇరికిన గోళీ నుంచి రెండు పక్కలా అదే రంగు ఎంతవరకు ఉందో లెక్కపెడతాం. మూడుకి తగ్గకపోతే అవన్నీ తీసేస్తాం. అక్కడ ఖాళీ పడుతుంది. వరస రెండు ముక్కలవుతుంది. వెనక ముక్క వస్తూనే ఉంటుంది, ముందు ముక్క ఆగిపోతుంది, ఎందుకంటే దాన్ని తోసేవాళ్ళు లేరు కదా.

అసలు మజా ఇక్కడుంది. ఖాళీకి రెండు చివర్లా ఒకే రంగు ఉంటే, ముందు ముక్క అయస్కాంతం లాగినట్టు వెనక్కి వచ్చి కలుస్తుంది. కలిసినవి మూడో అంతకన్నా ఎక్కువో అయితే అవీ పోతాయి. మళ్ళీ ఖాళీ, మళ్ళీ లాగుడు. ఒక్క దెబ్బకి నాలుగైదు గుంపులు వరసగా పోయాయంటే ఆ ఆనందం వేరు. ముందే రంగులు చూసుకుని, "ఇది కొడితే అది వస్తుంది, అది వస్తే ఇంకోటి పోతుంది" అని ఆలోచించి కొట్టడంలోనే తెలివంతా ఉంది.

ఇంతే ఆట. తోసుకొచ్చే వరస, మూడు కలిస్తే పోవడం, ఖాళీ పడితే లాగుడు. ఈ మూడూ గుర్తు పెట్టుకోండి.

దీనికి ముందు ఏమున్నాయి?

రంగులు కలిపే ఆటలకి పెద్ద వంశవృక్షమే ఉంది. 1980ల్లో సోవియట్ యూనియన్‌లో అలెక్సీ పజిత్నోవ్ టెట్రిస్ చేశాడు. అందులో రంగులతో పని లేదు, ఆకారాలు పేర్చాలి. 1990లో సెగా కంపెనీ కాలమ్స్ అనే ఆట తెచ్చింది, అందులో రంగుల రాళ్ళు మూడు కలవాలి. 1991లో జపాన్‌లో పుయో పుయో వచ్చింది. 1994లో టైటో కంపెనీ పజిల్ బాబుల్ తెచ్చింది. ఇందులో కింద నుంచి పైకి బుడగలు కొట్టాలి, ఒకే రంగువి మూడు కలిస్తే పోతాయి. ఇప్పుడు ఫోన్లలో "బబుల్ షూటర్" అని కనబడే ప్రతి ఆటకీ అదే తాత.

పజిల్ బాబుల్‌లో కొట్టడం వచ్చింది. కానీ బుడగలు పైన అతుక్కుని ఉంటాయి, కదిలితే మొత్తం గోడ కిందికి దిగుతుంది. 1998లో మిచెల్ వాళ్ళు చేసిందేమిటంటే, ఆ గోడని ఒక తాడులా చేసి మన చుట్టూ చుట్టేశారు. ఫిరంగి మధ్యలో, దాని చుట్టూ చక్రంలా దారి, దాని మీద దొర్లుకుంటూ వచ్చే గోళీలు. ఇందాక గుర్తు పెట్టుకోమన్న మూడింటికీ పుట్టిల్లు ఇదే.

చెప్పినంత తేలిక కాదండీ ఈ మార్పు. గోడ అయితే ఎక్కడ కొట్టినా అక్కడి సంగతి అక్కడే. తాడు అయితే ఒక చోట ముట్టుకుంటే మొత్తం కదులుతుంది. ఆ ఒక్క ఆలోచనలోంచే లాగుడు, వరస దెబ్బలు, భయం, అన్నీ పుట్టుకొచ్చాయి.

మిచెల్ ఎవరు?

పేరు ఇంగ్లీషులా ఉన్నా జపాన్ కంపెనీ. ప్రెసిడెంట్ రాయ్ ఒజాకి. కొద్దిమందితో నడిచిన సంస్థ. వీళ్ళు సొంతంగా చేసి, పెద్ద కంపెనీల ద్వారా అమ్ముకునేవాళ్ళు. వీళ్ళ ఆటల్లో అందరికీ తెలిసింది 1989లో వచ్చిన పాంగ్. పెద్ద బంతి ఎగురుతూ వస్తుంది, కొడితే రెండవుతుంది, అవి కొడితే నాలుగవుతాయి. అమెరికాలో దాన్ని బస్టర్ బ్రదర్స్ అన్నారు. వీడియో గేమ్ పార్లర్లు చూసినవాళ్ళకి గుర్తుండొచ్చు.

పజ్ లూప్ ముందు ఆర్కేడ్ మెషిన్‌గా వచ్చింది, అంటే నాణెం వేసి నిలబడి ఆడే పెట్టె. తర్వాత ప్లేస్టేషన్‌కీ, గేమ్ బాయ్ కలర్‌కీ వచ్చింది. అమెరికా, యూరప్‌లలో దాని పేరు మార్చి బాలిస్టిక్ అని అమ్మారు. 2001లో పజ్ లూప్ 2 వచ్చింది. ఆట బాగుందని ఆడినవాళ్ళు అన్నారు. ప్రపంచమంతా ఊగిపోయిందా అంటే, లేదు.

ఇక్కడ సమయం ముఖ్యం. 1998 నుంచి 2001 అంటే ఆర్కేడ్ పార్లర్ల జోరు తగ్గుతున్న కాలం. ఇళ్ళల్లోకి కంప్యూటర్లు వస్తున్న కాలం. పజ్ లూప్ నాణెం పెట్టెలోనూ, ప్లేస్టేషన్‌లోనూ ఉంది. ఆఫీసులో భోజనం తర్వాత 10 నిమిషాలు ఖాళీ దొరికే ఉద్యోగి ముందు, పిల్లలు స్కూలుకెళ్ళాక ఇంట్లో ఉండే అమ్మ ముందు అది లేదు. వాళ్ళ ముందున్నది మామూలు విండోస్ కంప్యూటర్, అందులో సాలిటైర్.

పాప్‌క్యాప్ అక్కడే వచ్చింది

2000లో జాన్ వెచీ, బ్రయన్ ఫియెట్, జేసన్ కపాల్కా అనే ముగ్గురు పాప్‌క్యాప్ మొదలుపెట్టారు. 2001లో బిజ్యువెల్డ్ తెచ్చారు, పక్కపక్క రత్నాలు మార్చి మూడు కలిపే ఆట. ఇప్పుడు మీ ఇంట్లో ఎవరో ఒకరు ఆడే క్యాండీ క్రష్‌కి అది పెద్దన్న. ఆ బిజ్యువెల్డ్‌కి కూడా ఇంకో పెద్దన్న ఉన్నాడు. 1994లో రష్యాలో షరికి అనే డాస్ గేమ్ వచ్చింది, పక్కపక్క గోళాలు మార్చి మూడు కలపడమే దాని పని.

వీళ్ళ వ్యాపారం ఎలా ఉండేదంటే, ఆట ఉచితంగా దింపుకోవచ్చు, 60 నిమిషాలు ఆడుకోవచ్చు. బాగుంటే సుమారు 20 డాలర్లు కట్టి కొనాలి. 60 నిమిషాల్లో మనిషికి అలవాటు అయిపోవాలి. ఆట నేర్పడానికి ఐదు నిమిషాలు కూడా పట్టకూడదు. పుస్తకం చదివితే కానీ అర్థం కాని ఆటలకి ఈ పద్ధతిలో చోటు లేదు. జూమా ఈ కొలతకి సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు న్యాయంగా మాట్లాడుకోవాలి. పాప్‌క్యాప్ వాళ్ళు పజ్ లూప్‌కి రంగు వేసి అమ్మేశారా? రెండూ పక్కపక్కన ఆడి చూస్తే తేడా తెలుస్తుంది. జూమాలో దారులు ఎన్నో రకాలు, కొన్ని సొరంగాల్లోకి వెళ్ళి బయటికొస్తాయి, కొన్ని లెవెల్స్‌లో రెండు దారులు ఒకేసారి నడుస్తాయి. కప్ప దగ్గర ఎప్పుడూ రెండు గోళీలు ఉంటాయి, కుడి బటన్ నొక్కి మార్చుకోవచ్చు. ఈ ఒక్క సౌకర్యంతో అదృష్టం వాటా తగ్గి ఆలోచన వాటా పెరుగుతుంది. వరసల మధ్య ఖాళీలోంచి వెనకున్న గోళీని కొడితే అదనపు పాయింట్లు. పైన ఒక పట్టీ నిండుతుంది, అది నిండితే కొత్త గోళీలు రావడం ఆగిపోతుంది. "ఇంకొంచెం తట్టుకుంటే చాలు" అని తెలిసే ఆ క్షణం ఆటలో పెద్ద ఊరట. మధ్య అమెరికా పాత గుళ్ళ బొమ్మలు, డప్పుల సంగీతం, గోళీలు పుర్రె దగ్గరికొస్తే గుండె దడలా మారే శబ్దం, ఇదంతా పాప్‌క్యాప్ పనితనం.

అంటే ఆట ఎముకలు టోక్యోవి. కండ, చర్మం, నడక సియాటిల్‌వి.

మన దగ్గరికి ఎలా వచ్చింది?

20 డాలర్లు అంటే అప్పట్లో మనకి సుమారు 900 రూపాయలు. క్రెడిట్ కార్డు ఉన్న ఇళ్ళే తక్కువ. అయినా జూమా మన నెట్ సెంటర్లన్నిట్లోనూ కనబడేది. సీడీల్లో, పెన్‌డ్రైవ్‌లలో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి పాకింది. డెస్క్‌టాప్ కొంటే అసెంబుల్ చేసిన అబ్బాయే విండోస్‌తో పాటు నాలుగు గేమ్స్ వేసి ఇచ్చేవాడు, అందులో ఇదొకటి. కరెంటు పోయి, యూపీఎస్ కుయ్ కుయ్‌మంటుంటే "ఈ లెవెల్ అయ్యేదాకా ఆగు" అని దాన్ని బతిమాలిన తరం మాది.

మా ఇంట్లో కౌంటర్ స్ట్రైక్ నాది, జూమా అమ్మది. మా అమ్మకి అప్పటిదాకా కంప్యూటర్ అంటే భయం, "ముట్టుకుంటే ఏం పాడవుతుందో" అనేది. మౌస్ పట్టుకోవడం ఆమెకి నేర్పింది నేను కాదు, ఆ కప్ప. తర్వాతే ఫైల్ తెరవడం, మెయిల్ చూడడం, అన్నీ. ఇలాంటి ఇళ్ళు మీలో చాలామందివి ఉంటాయి.

ఇంకో లింక్ కూడా ఉంది. 2011లో పాప్‌క్యాప్‌ని కొన్నది ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, అంటే ఈఏ. ఆ ఈఏకి హైదరాబాద్‌లో పెద్ద స్టూడియోనే ఉంది. మన పిల్లలు ఆడడంతో ఆగిపోలేదు, ఆటలు చేసే పక్కకీ వెళ్ళారు. అందుకే "ఆలోచన ఎవరిది" అనే ప్రశ్న మనకి దూరపు కబురు కాదు.

గొడవ

జూమా హిట్ అయ్యాక మిచెల్ వాళ్ళు ఊరుకోలేదు. ఇది మా పజ్ లూప్‌ని కాపీ కొట్టి చేసిందే అని బయటికే అన్నారు. పాప్‌క్యాప్ వాళ్ళు మాది మక్కీకి మక్కీ కాదని జవాబిచ్చారు. మాటల యుద్ధం పెద్దగానే నడిచింది. జూమా అమ్మకం మాత్రం ఆగలేదు. 2005లో ఎక్స్‌బాక్స్ 360 కన్సోల్ విడుదలైనప్పుడు దానితో పాటు వచ్చిన డౌన్‌లోడ్ ఆటల్లో జూమా ఒకటి. 2009లో రెండో భాగం వచ్చింది, 2010లో ఫేస్‌బుక్‌లోకీ వచ్చింది.

ఎందుకు ఆగలేదు? ఇక్కడ చట్టం సంగతి కాస్త చూడాలి. కాపీరైట్ అనేది ఆలోచనకి ఉండదు, ఆ ఆలోచనని చెప్పిన తీరుకి ఉంటుంది. అమెరికా చట్టంలో ఇది స్పష్టంగానే ఉంది, పద్ధతికీ విధానానికీ కాపీరైట్ రాదు. "మూడు గోళీలు కలిస్తే పోతాయి" అనేది పద్ధతి. కప్ప బొమ్మ, సంగీతం, కోడ్, ఇవి చెప్పిన తీరు. పాప్‌క్యాప్ వాళ్ళు పద్ధతి తీసుకున్నారు, తీరు సొంతంగా రాసుకున్నారు.

మన దేశంలోనూ ఇదే సూత్రం. 1978లో సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో తీర్పిచ్చింది. ఆయన "హమ్ హిందుస్తానీ" అనే నాటకం రాశారు. 1956లో "న్యూ ఢిల్లీ" అనే హిందీ సినిమా వచ్చింది. రెండింట్లోనూ విషయం ఒకటే, ప్రాంతీయ భేదాలు, దాని మధ్య ప్రేమ. నా నాటకాన్ని తీసేసుకున్నారు అని ఆయన కేసు వేశారు. ఆలోచనకి కాపీరైట్ లేదు, చెప్పిన తీరులో ముఖ్యమైన తేడాలున్నాయి కాబట్టి ఇది కాపీ కాదు అని కోర్టు తేల్చింది. ఇప్పటికీ మన దగ్గర "నా కథ కొట్టేశారు" అనే ప్రతి సినిమా గొడవలో లాయర్లు తీసేది ఈ తీర్పునే.

మరి ఎంత కాపీ కొట్టినా పర్వాలేదా? అలా కూడా కాదు. 2012లో అమెరికాలో టెట్రిస్ వాళ్ళు జియో ఇంటరాక్టివ్ అనే చిన్న కంపెనీ మీద కేసు గెలిచారు. ఆ కంపెనీ మినో అనే ఐఫోన్ గేమ్ చేసింది. రూల్స్‌కి కాపీరైట్ లేదు కదా అనే ధీమాతో ముక్కల ఆకారం, రంగుల తీరు, గడుల సంఖ్యతో సహా దించేశారు. ఇది పద్ధతి తీసుకోవడం దాటి తీరు తీసుకోవడం అయిందని కోర్టు అంది. కాబట్టి గీత ఉంది. జూమా ఆ గీతకి ఇవతలే నిలబడింది, కనీసం చాలామంది చూసే చూపులో.

కథలో మలుపు

2005లో మంబోజంబో అనే ఇంకో అమెరికన్ కంపెనీ లక్సర్ అనే ఆట తెచ్చింది. ఈజిప్ట్ బొమ్మలు. గోళీల్ని పేడపురుగులు తోస్తుంటాయి. కప్ప బదులు కింద అటూ ఇటూ జరిగే ఒక రెక్కల బాణం. మిగతాదంతా మీకు తెలిసిందే. అదీ బాగా ఆడింది, ఎన్నో భాగాలు వచ్చాయి.

2009లో పోలండ్‌కి చెందిన కోడ్‌మినియన్ అనే చిన్న సంస్థ స్టోన్‌లూప్స్ అనే ఆటని ఐఫోన్‌లో పెట్టింది. డైనోసార్లు, గోళీలు. జనం ఎగబడ్డారు. అప్పుడు మంబోజంబో ఆపిల్‌కి ఫిర్యాదు చేసింది, ఇది మా లక్సర్‌కి కాపీ అని. ఆపిల్ ఆ ఆటని స్టోర్ నుంచి తీసేసింది.

చూశారా? పజ్ లూప్ నుంచి జూమా, జూమా దారిలో లక్సర్. ఆ లక్సర్ వాళ్ళు నాలుగో మనిషిని చూపించి "దొంగ" అన్నారు. ఇక్కడ కోర్టు తీర్పు లేదు, వాదనలు లేవు. షాపు యజమాని ఒక మెయిల్ చూసి షట్టర్ దించేశాడు, అంతే. పెద్దవాడి దగ్గర లాయర్లు ఉంటారు, చిన్నవాడి దగ్గర ఆట మాత్రమే ఉంటుంది. 1998లో ముందుగా చేసిన చిన్నవాళ్ళకి చట్టం అక్కరకి రాలేదు. 2009లో తర్వాత చేసిన చిన్నవాళ్ళకీ రాలేదు.

మిచెల్‌ని దేవుణ్ణి చేయాలని కూడా నాకు లేదు. ఇందాక చెప్పిన పాంగ్ ఉంది కదా, ఎగిరే బంతిని కొడితే రెండవుతుందని. అదే ఆలోచనతో 1983లోనే హడ్సన్ సాఫ్ట్ కంపెనీ కానన్ బాల్ అనే ఆట చేసింది. అంటే వాళ్ళూ ఒకరి భుజం మీద నిలబడ్డవాళ్ళే. తవ్వితే ప్రతి ఆట కిందా ఇంకో ఆట ఉంటుంది.

పద్ధతులకి తాళం వేస్తే ఏమవుతుందో కూడా మనకి తెలుసు. ఆట లోడ్ అవుతున్నప్పుడు చిన్న ఆట ఆడించడం అనే పద్ధతి మీద నామ్కో కంపెనీకి పేటెంట్ ఉండేది. 2015లో ముగిసింది. అన్నేళ్ళూ కోట్లమంది ఖాళీ పట్టీ నిండడం చూస్తూ కూర్చున్నారు. మిచెల్‌కి అలాంటి తాళం దొరికుంటే మా అమ్మ చేతికి ఆ కప్ప వచ్చేది కాదేమో.

మరి మిచెల్ ఏమైంది?

2006లో వాళ్ళు నింటెండో డీఎస్ కోసం పజ్ లూప్‌ని మళ్ళీ చేశారు. అమెరికాలో దాని పేరు మాగ్నెటికా. స్టైలస్‌తో తెర మీద గోళీని తోయడం. చక్కటి ఆట. కానీ అప్పటికి 3 ఏళ్ళుగా ప్రపంచం జూమా ఆడుతోంది. మాగ్నెటికా చూసినవాళ్ళకి మొదట గుర్తొచ్చింది జూమానే. సొంత బిడ్డని ఎత్తుకుని వీధిలోకి వస్తే "పక్కింటివాళ్ళ అబ్బాయిలా ఉన్నాడే" అన్నట్టు.

వాళ్ళ చివరి ఆటల్లో ఒకటి నింటెండో 3డీఎస్ కోసం చేసింది, అమెరికాలో టోక్యో క్రాష్ మాబ్స్ అన్నారు. అందులో గోళీలు లేవు, మనుషులున్నారు. రంగురంగుల బట్టలేసుకుని క్యూలో నిలబడినవాళ్ళు. మధ్యలో ఇంకో మనిషిని విసిరి ఒకే రంగువాళ్ళు ముగ్గురిని కలిపితే వాళ్ళు వెళ్ళిపోతారు. 14 ఏళ్ళ తర్వాత కూడా ఆ ఒక్క ఆలోచనని తిప్పి తిప్పి కొత్తగా చూస్తూనే ఉన్నారు. 2012లో కంపెనీ మూసేశారు.

పాప్‌క్యాప్ అంత ధర పలకడానికి జూమా ఒక్కటే కారణం కాదు, బిజ్యువెల్డ్, ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్ కూడా ఉన్నాయి. మిచెల్ మూతపడడానికీ జూమా ఒక్కటే కారణం అని నేను అనను. కానీ డబ్బు మాట పక్కన పెట్టినా, పేరు మాట ఉంది కదా.

మనసుకి హాయి సంగతి

ఈ ఆట గురించి మాట్లాడేవాళ్ళందరూ వాడే మాట "రిలాక్సింగ్". పుర్రె నోరు తెరుచుకుని కూర్చున్న ఆట హాయినివ్వడం విచిత్రమే. నాకు తోచింది చెప్తాను. మన రోజులో వచ్చే పనులూ ఇలాగే తోసుకుంటూ వస్తాయి, కానీ ఏది ఏ రంగో తెలీదు, ఎప్పుడు అయిపోతాయో తెలీదు. ఇక్కడ అన్నీ కనబడతాయి. చెల్లాచెదురుగా ఉన్నదాన్ని మన చేత్తో సర్దుతాం, సర్దగానే మాయమవుతుంది. చిన్నప్పుడు గోళీలాటలో ఉన్న గురి కూడా ఇందులో ఉంది, మోకాళ్ళు చెక్కుకుపోకుండా.

దీని మీద పరిశోధన కూడా జరిగింది. 2008 ప్రాంతంలో అమెరికాలోని ఈస్ట్ కరోలినా యూనివర్సిటీ వాళ్ళు పాప్‌క్యాప్ ఆటలు ఆడితే ఒత్తిడి తగ్గుతుందా అని చూసి, తగ్గుతుంది అన్నారు. అయితే అందులో జూమా లేదు, బిజ్యువెల్డ్ 2 లాంటి వేరే ఆటలున్నాయి. పైగా డబ్బు పెట్టింది పాప్‌క్యాపే. అది గుర్తుంచుకుని చదవాలి.

ఇప్పుడు ప్లే స్టోర్‌లో "మార్బుల్" అని కొట్టండి. ఎన్ని వస్తాయో చూడండి. కప్పలు, తాబేళ్ళు, డ్రాగన్లు. ఒక లెవెల్ అయితే ఒక యాడ్, ఓడిపోతే ఇంకో యాడ్. హాయి కోసం తెరిస్తే 30 సెకన్లు లోన్ యాప్ గురించి వినాలి. 60 నిమిషాలు ఏ ఆటంకం లేకుండా ఇచ్చి "నచ్చితే కొనుక్కో" అన్న 2003 పద్ధతే మర్యాదగా అనిపిస్తుంది నాకైతే.

నాకు ఇదంతా ఎందుకు?

నా మొదటి ఉద్యోగంలో, కంపెనీ పేరు అనవసరం, నేను రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని ఒక చిన్న టూల్ రాశాను. టీమ్‌లో అందరి పనీ రోజుకి గంట తగ్గింది. తర్వాత దాన్ని వేరే టీమ్ తీసుకుని, బటన్లు బాగా పెట్టి, పైవాళ్ళకి డెమో ఇచ్చారు. వాళ్ళు చేసిన బటన్లు నిజంగానే నావాటికన్నా బాగున్నాయి. ఆ డెమోలో నా పేరు లేదు. చట్టప్రకారం నాకు రావాల్సిందేమీ లేదు, కోడ్ కంపెనీదే. ఒక్క స్లైడ్ చివర ఒక్క లైను రాసుంటే సరిపోయేది.

సాఫ్ట్‌వేర్ లోకంలో దీనికి మంచి మర్యాద ఒకటి ఉంది. ఎమ్ఐటీ లైసెన్స్ అని ఉంటుంది. నా కోడ్ తీసుకో, మార్చుకో, అమ్ముకో, కోట్లు సంపాదించుకో. ఒక్కటే షరతు, నా పేరున్న ఆ నోటీసు తీసేయకు. ఇంత ఉదారమైన లైసెన్స్‌లోనూ పేరు మాత్రం వదులుకోలేదు చూడండి. డబ్బు వదులుకోగల మనిషి కూడా పేరు వదులుకోలేడు.

కాబట్టి మొదట్లో అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇది. చట్టం దృష్టిలో జూమా దొంగతనం కాదు, కాకపోవడమే మంచిది. ఆలోచనలు అలా చేతులు మారబట్టే ఆటలు బతుకుతున్నాయి. కానీ ఆలోచన చేతులు మారినప్పుడు పేరు కూడా వెంట రావాలి. అది ఏ కోర్టూ చేయించలేదు, ఆడినవాళ్ళూ చెప్పుకునేవాళ్ళూ చేయాల్సిన పని. అందుకే ఈ ఎపిసోడ్.

ఈసారి ఎవరైనా కప్ప ఆట గురించి మాట్లాడితే, పజ్ లూప్, 1998, మిచెల్ కార్పొరేషన్ అని ఒక్క మాట కలపండి. మీ ఇంట్లో జూమా ఎవరిది, ఎంతవరకు వెళ్ళారు, ఆఖరి లెవెల్ ఎవరైనా దాటారా, కింద రాయండి. అన్నీ చదువుతాను.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.